ఇప్పచెట్టు కింది ఆకు

మా అత్త ఇప్పచెట్టు ఎంత పెద్దదంటే, దాని నీడ పొద్దున మా మండలంలో నిద్రలేచి సాయంత్రానికి పక్క మండలంలో పడుకునేది. రెవెన్యూ వాళ్ల కంట పడలేదు గానీ, పడి ఉంటే ఆ నీడకు వేరే పాసుపుస్తకం రాసేవాళ్లు. చెట్టు మొదట్లో ఒక తొర్ర ఉండేది. వాన వచ్చినప్పుడు మా మామ అందులో తన గొడ్డలిని, బీడీ కట్టను, కుక్కను, నన్ను పెట్టుకుని కూర్చునేవాడు. ఇంకా పెళ్లివారు దిగేటంత జాగా మిగిలేదని నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు కూడా ఉన్నారు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. వాళ్ల ఊరు అచ్చంపేట దాటి నల్లమలలోకి పోయే రోడ్డు మీద, అడవి అంచున ఉంటుంది. మామకు, అత్తకు పిల్లలు లేరు, దున్నుకోవడానికి చెలక లేదు. ఉన్నది ఆ చెట్టే. ఎండలు ముదురుతుండగా తెల్లవారేసరికి ఇప్పపూలు కింద పరిచి ఉంటాయి. అత్త వాటిని ఏరి, బండ మీద ఎండబోసి, కొంత అమ్మి, కొంత కుండలకెత్తేది. వానాకాలంలో పని దొరకని రోజుల్లో ఆ కుండలే ఇల్లు గడిపేవి. జొన్నలతో కలిపి ఉడికించిన ఇప్పపువ్వు ఒక్కసారి తిన్నవాడికి జిలేబీ కూడా మందు గోళీలా అనిపిస్తుంది. ఈ సంగతి నేను మహబూబ్‌నగర్ బస్టాండులో ఒక మిఠాయి దుకాణం ముందు నిలబడి గట్టిగా చెప్పి, దుకాణదారుడితో చివాట్లు తిన్నాను.

ఆ ఊళ్లో ఇప్పచెట్లకు కాగితాలు లేవు. ఊరి వెనక రెండు గుట్టల మధ్య పల్లం ఉంది, లొద్ది అంటారు. అందులోని ప్రతి ఇప్పచెట్టూ ఏదో ఒక ఇంటిది. ఎవరిదని తేలేది ఒక్క ఆనవాయితీ మీద. పువ్వు రాలే ముందు చెట్టు కింద ఎవరు శుభ్రం చేస్తే ఆ ఏడు పువ్వు వాళ్లది. ఎవరైనా చేయకుండా వదిలేస్తే ఇంకొకరు చేసుకోవచ్చు. తగవు లేదు, పంచాయతీ లేదు. మామ చనిపోయిన ఏడు, ఇంట్లో దినాలు ఇంకా కాకముందే అత్త పొద్దున్నే లేచి లొద్దిలోకి పోయి చెట్టు కింద శుభ్రం చేసి వచ్చింది. అదేమిటని మా అమ్మ అడిగితే, ఏడ్చుడు ఎప్పుడైనా ఏడ్వచ్చు గాని పువ్వు ఆగదు కదా అన్నదట.

శుభ్రం చేయడమంటే నిప్పు పెట్టడమే. ఈ మాట వింటే పట్నం వాళ్లు గుండె పట్టుకుంటారు. కానీ మామ పెట్టే నిప్పు వేరు. ఆకు రాలిన కొత్తలో, మంచు ఇంకా ఆరని పొద్దుపూట, గాలి లేనప్పుడు, చెట్టు మొదలు చుట్టూ చేత్తో ఆకు దూరంగా లాగేసి, మిగిలినదానికి అంటించేవాడు. అది మంట అనిపించుకోవడానికి కూడా సిగ్గుపడే మంట. పిల్లిలా నేల మీద నడిచి, చెట్టు చుట్టూ ఒక నల్లటి చాప పరిచి, తనంతట తానే పడుకునేది. ఆ నల్లటి నేల మీద తెల్లటి పువ్వు రాలితే గుడ్డివాడు కూడా ఏరుకోవచ్చు. ఆ నల్లటి చాపలన్నీ కలిసి లొద్దికి కంచెలా ఉండేవి. బయట అడవిలో ఏ మంట లేచినా, లొద్ది దాకా వచ్చి, తినడానికి ఏమీ లేదని చూసి, వెళ్లిపోయేది.

మామ ఎండాకాలం అంతా సర్కారు తరఫున మంటల కాపలా కూడా చేసేవాడు. ఒక చేత్తో నిప్పు పెట్టేవాడు, ఇంకో చేత్తో ఆర్పేవాడు. రెండు చేతులకూ ఎన్నడూ గొడవ రాలేదు. మంట లేస్తే పచ్చి ఆకుల మండలు విరిచి బాదేవాడు. గాలి చూసుకుని, వచ్చే మంటకు మేత మిగలకుండా ముందే ఎదురు మంట పెట్టేవాడు. దేశంలో అడవుల్ని కాపాడిన చరిత్ర ఎవరైనా రాస్తే అందులో మా మామ దగ్గుకు ఒక అధ్యాయం ఇవ్వాలి. ఆయన దగ్గితే గుట్ట మీద నెమళ్లు వాన వస్తుందనుకుని పురి విప్పేవి. చివరికి ఆ పొగే ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఏం పని చేస్తావని అడిగితే, మంటలు ఆర్పుత సార్ అన్నాడు. డాక్టరు ఎక్స్‌రేను మళ్లీ కవరులో పెట్టి ఇచ్చాడు.

తెలంగాణ వచ్చింది. పాలమూరు జిల్లా ముక్కలైంది, మేము ఏ ముక్కలో పడ్డామో తెలుసుకునే లోపు అడవిలోకి కొత్త బోర్డులు వచ్చాయి. నిప్పు పెట్టరాదని బండల మీద రాశారు, బడి గోడ మీద రాశారు, బోరింగు మీద రాశారు. కొంచెం ఏమరుపాటుగా నిలబడితే మనిషి వీపు మీద కూడా రాసేవాళ్లు. లొద్దికి, రోడ్డుకు మధ్య చెట్లు, గడ్డి కొట్టేసి వెడల్పాటి దారిలా ఒక ఖాళీ పట్టీ తీశారు. దాన్ని ఫైర్ లైన్ అన్నారు. రోడ్డు మీది నుంచి మంట వస్తే అక్కడ ఆగిపోవాలి. పాత లైను ఒకటి మామ కాలంలోనూ ఉండేది గానీ ఇది దానికి తాత. విమానం తప్పిపోయి వస్తే దిగవచ్చు.

మామ పోయాక ఎండాకాలం పూట నా జీపు అడవి డ్యూటీకి కిరాయికి తిరిగేది. నా జీపు గురించి ఎక్కువ చెప్పను. దాని కుడి తలుపు నల్లగొండది, ఎడమ తలుపు పాలమూరుది, అందుకే రెండూ ఒకేసారి మూసుకునేవి కావు. ఆ జీపులో నాతో తిరిగేవాళ్లు ఇద్దరు. ఒకరు కొత్తగా వచ్చిన ఫారెస్టు సారు. హుజూర్‌నగర్ దిక్కు మనిషి, కాలువ కింద వరి మళ్ల మధ్య పెరిగినవాడు. మంచివాడు. చెట్టును చూసినా సార్ అనేటంత మర్యాదస్తుడు. ఇంకొకరు ఆకు ఊదే మిషను మోసే వాచరు, ఊళ్లో అందరికీ చాచా. ఆ మిషను వీపుకు కట్టుకుని గొట్టంతో ఊదితే ఆకు లేచిపోతుంది. ఒకసారి దాని గాలికి నా తల మీది వెంట్రుకలు పోయాయని చెప్పుకుంటాను. నిజానికి అవి అంతకుముందే పోయాయి.

ఒక ఏడు మాఘమాసం చివర సారు బడి ముందర మీటింగు పెట్టాడు. ఇక చెట్ల కింద నిప్పు పెట్టవద్దన్నాడు. గట్టిగా అనలేదు, బతిమాలుతున్నట్లే అన్నాడు. పైనుంచి హుకుం ఉందని, కేసులు అవుతాయని చెప్పాడు. ఊరంతా తలలు ఊపింది. తర్వాత మా అత్త లేచి నిలబడింది.

"మరి ఆకును ఏం జెయ్యాలె సారు? ఆకు మీద పువ్వు వడితే ఏరుడెట్ల?"

"ఊడ్చేయండి పెద్దమ్మా. ఊడ్చి అడవి బయట పోయండి."

"ఆకు ఎవలది?"

సారు ఇలాంటి ప్రశ్న పరీక్షలో చూసి ఉండడు. అడవి సర్కారుదైతే ఆకు కూడా సర్కారుదే అవుతుందని అన్నాడు. అత్త కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ జవాబు ఆమెకు నచ్చిందని నాకు అర్థమైంది గానీ, ఎందుకు నచ్చిందో అప్పుడు అర్థం కాలేదు.

మరునాటి నుంచి లొద్దిలో చీపుర్లు లేచాయి. అన్ని ఇళ్ల ఆడవాళ్లూ తమ తమ చెట్ల కింద ఊడ్చారు. ఆకు అంటే అంతా ఇంతా కాదు. ఇప్పాకు, తునికాకు, మద్దాకు, అన్నీ కలిసి కుప్ప పోస్తే భువనగిరి కోట పక్కన నిలబెట్టి పోటీ పెట్టవచ్చు. దాన్ని అడవి బయట పోయాలి. ఇటు చూస్తే గుట్ట, అది అడవి. అటు చూస్తే వాగు, అదీ అడవే. మోసుకుని ఊళ్లోకి తెస్తే ఊరు మునుగుతుంది. అడవిలో అడవి కాని జాగా ఏదైనా ఉందంటే అది లొద్దిని ఆనుకుని ఉన్న ఫైర్ లైన్ ఒక్కటే. అక్కడ చెట్టు లేదు, గడ్డి లేదు, ఎవరి పువ్వూ రాలదు. గంపలకు గంపలు తెచ్చి అందులో పోశారు. నేను జీపు ఆపి, ఇదేందత్తా అని అడిగితే అత్త గంప దులుపుతూ నవ్వింది.

"సర్కారు జాగల సర్కారు ఆకు. నీకేం కష్టం వచ్చె అల్లుడా?"

నిప్పు సంగతి వాళ్లకు తెలియక కాదు. ఆ ఊళ్లో పుట్టిన పిల్ల నడక కంటే ముందు గాలివాటం నేర్చుకుంటుంది. కానీ ఆ పట్టీ వాళ్లది కాదు. తీసింది సర్కారు, కాసేది సర్కారు, దానికి మిషను ఉంది, మిషనుకు మనిషి ఉన్నాడు. ఎవరి చెట్టు కింద వాళ్లు చూసుకోవాలి, సర్కారు పట్టీ సర్కారు చూసుకోవాలి. తరతరాల ఆనవాయితీని వాళ్లు అక్షరం తప్పకుండా పాటించారు.

చాచా వచ్చి చూసి తల పట్టుకున్నాడు. మిషను ఎత్తి పట్టీ మీది ఆకంతా ఊదాడు. ఊదితే అది పోయి లొద్ది అంచు చెట్ల కింద పడింది. ఆడవాళ్లు తిట్టుకుంటూ మళ్లీ ఊడ్చి పట్టీ మీద పోశారు. చాచా మళ్లీ ఊదాడు. వీళ్లు మళ్లీ ఊడ్చారు. ఆ ఎండాకాలం మా అడవిలో ఆకు తిరిగినంత దూరం హైదరాబాదు బస్సు తిరగలేదు. చివరికి చాచా మిషను దించి, బండ మీద కూర్చుని, అత్తతో చెప్పుకున్నాడు.

"అమ్మా, నేను ఊదుత, మీరు ఊడుస్తరు. గీ ఆకుకు ఫికర్ లేదు, మనకే."

అత్త ఆయనకు చెంబుతో నీళ్లిచ్చి, ఊదుడు బందు పెట్టమని సలహా కూడా ఇచ్చింది. ఆ సలహా మిషనుకు వినబడినట్టుంది. మర్నాడు అది ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. బాగుచేయడానికి మహబూబ్‌నగర్ పంపారు. పెద్ద దవాఖానలో చేరిన రోగిలా ఇవాళ రేపు అంటూ అక్కడే ఉండిపోయింది. సారు ఆకు సంగతి చూసి ఊరివాళ్లతో రెండుమూడు సార్లు మాట్లాడాడు. ఊరు తలూపింది. అది దేనికైనా తలూపే ఊరు. పూలు మొదలయ్యాయి. ఇక ఎవరికీ ఆకు గుర్తు లేదు.

మంటల కాపలాలో చివరగా వచ్చిన గొప్ప సంగతి ఉపగ్రహం. ఎక్కడో చుక్కల మధ్య తిరుగుతూ మా గుట్టల్లో పొగ కనబడగానే కింది ఫోన్లకు మెసేజీ పెడుతుంది. మా అడవి అంటుకుందని చుక్కలకు తెలుస్తుంది, పట్నంలో పెద్ద సార్లకు తెలుస్తుంది. అడవిలో ఉన్న మాకు తెలియదు, ఎందుకంటే మా దగ్గర సిగ్నలు దొరికేది ఒక్క బండ మీద, అదీ కుడికాలు ఎత్తి నిలబడితే. పూలు రాలుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సారు ఆ బండ ఎక్కేసరికి ఫోను గుక్క తిప్పుకోకుండా మోగింది. రోడ్డు పక్కన ఎవరో వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా పోయారు. అప్పటికే పొగ మాకు కళ్లతోనే కనబడుతోంది.

జీపు ఎక్కాము. ఊరు తలూపింది గనుక లైను మీది ఆకు తీసేసి ఉంటారని దారిలో సారు ధైర్యంగానే ఉన్నాడు. ఫైర్ లైన్ దగ్గర నిలబడదాం, అక్కడి దాకా వచ్చి ఆగిపోతది అన్నాడు. చాచా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. నేను కూడా ఏమీ అనలేదు. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని, దవడలు నొప్పి పుట్టాయి.

లైను దగ్గర దిగితే మోకాలి లోతున ఆకు. బాగా ఎండి, గలగలమని, ఈ చివర నుంచి ఆ చివర దాకా పెళ్లిపందిరిలో పరుపులు పరిచినట్లు ఉంది. సారు కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. ఊరివాళ్లు మండలు విరుచుకుని పరుగున వచ్చారు. లాగేద్దామని కొంతమంది చేతులతోనే మొదలుపెట్టారు. ఎదురు మంట పెట్టాలంటే ఎక్కడ నిలబడి పెట్టాలి? మామ ఉంటే ఎక్కడ నిలబడేవాడోనని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈలోపు మంట గడ్డిలోంచి తలెత్తి పట్టీని చూసింది.

నా జీవితంలో మంటలు చాలా చూశాను, చూసినవాటిని చూసినదానికంటే ఎక్కువే చెప్పాను. అది వేరు. మామూలుగా మంట దారి వెతుక్కుంటూ వస్తుంది. దీనికి దారి మేమే వేసి ఉంచాము. ఎక్స్‌ప్రెస్ బస్సు స్టేజీలు వదిలేసి పోయినట్లు ఆ పట్టీ పొడవునా పోయింది. పోతూ పోతూ పక్క అంచు అంతటి నుంచీ లొద్దిలోకి దిగింది. మేము బాదినవి బాదాము. మాడిన మండలు పారేసి కొత్తవి విరిచాము. అత్త ఎప్పుడు వచ్చిందో తెలియదు, కొంగు నడుముకు చుట్టుకుని మా మధ్యలో బాదుతోంది. ఆమె చూపు మంట మీద లేదు, లొద్ది నడుమ ఉన్న పెద్ద చెట్టు మీద ఉంది.

చెట్ల కింద ఊడ్చి ఉండడం వల్ల లొద్దిలో మంటకు బలం చాల్లేదు. గడ్డి తిని, ఆకు చెత్త తిని, పొద్దు గుంకే ముందే చల్లబడింది. ఇప్పచెట్ల బెరడు నల్లబడింది గానీ కొమ్మల్లో పచ్చదనం పోలేదు. అందరం కూలబడ్డాము. సారు బండ ఎక్కి పెద్దవాళ్లకు ఫోను చేసి, మంట ఆగిందని, పెద్ద చెట్లకు నష్టం లేదని చెప్పాడు. అబద్ధం కాదు, అప్పటికి మాకు కనబడింది అదే.

అత్త మాత్రం కూర్చోలేదు. తన చెట్టు ముందర నిలబడి పైకి చూస్తోంది. తొర్రలోకి గాలికి ఎగిరి చేరిన ఆకు ఉంది, దానికి నిప్పు అందింది. పైన, రెండు కొమ్మలు విడిపోయే చోట ఉన్న చిన్న బొక్కలోంచి సన్నటి పొగ వస్తోంది. లోపల ఎవరో పొయ్యి వెలిగించుకుని వంట మొదలుపెట్టిన ఇల్లులాగా ఉంది చెట్టు.

ఆ రోజు నుంచి నా జీపు నీళ్ల బండి అయింది. వాగులో మిగిలిన గుంటలోంచి డ్రమ్ములతో తెచ్చి తొర్రలో పోశాము. కింద ఆరితే పైన పొగ. చాచా బురద తెచ్చి కింది తొర్ర మూశాడు. పై బొక్కలోంచి పొగ ఎక్కువైంది. ఎవరో ఎక్కి అది మూస్తే, బెరడు చీలి పక్క నుంచి వచ్చింది. పాత చెట్టు లోపలి పొట్టు బీడీలా కాలుతుంది, మంట ఉండదు, ఆగేది ఉండదు. సారు రోజూ వచ్చి చెట్టుకు చేయి ఆనించి చూసేవాడు, జ్వరం చూసినట్లు. అది వేడిగానే ఉండేది.

అత్త రోజంతా అక్కడే. చెట్టు లోపల కాలుతూనే పువ్వు రాల్చింది. అదే నేను మరిచిపోలేనిది. పొద్దున్నే వెళ్తే బూడిద మీద తెల్లగా పడి ఉండేవి, కొన్ని కింది వేడికి వాడి, వేయించినట్లై. అత్త అవి కూడా ఏరి గంపలో వేసుకునేది. ఇంటికి పోదాం రమ్మని నేనంటే, పువ్వు అయిపోలేదు కదా అనేది. ఒకరోజు పొగకేసి చూస్తూ కూర్చుని తనంతట తానే నాతో అన్నది.

"మీ మామ గూడ గిట్లనే అల్లుడా. బీడీ ఆర్పు ఆర్పు అంటె ఆర్పకపోయేది. లోపల్లోపల కాల్సుకుంటనే పోయిండు."

ఒక మిట్టమధ్యాహ్నం చెట్టు పడిపోయింది. అంత చెట్టు పడితే మహబూబ్‌నగర్ స్టేషనులో రైలు ఉలిక్కిపడాలి. చప్పుడు అంతగా రాలేదు. లోపల ఏమీ మిగలని చెట్టు, గోనెసంచి జారినట్లు జారింది. మొదలు ఉన్న చోట ఒక గుంత మిగిలింది. వేళ్లు కాలిన బొరియలు నేలలోకి పోయి, వాన పడేదాకా అక్కడక్కడా పొగ వదిలాయి.

ఆ వానాకాలం అత్త కుండలు తొందరగా ఖాళీ అయ్యాయి. మా ఇంటికి రమ్మని అమ్మ పిలిచింది, రాలేదు. ఊళ్లోవాళ్లు తమ చెట్ల కింద ఏరుకోమన్నారు. ఇంకొకరు శుభ్రం చేసిన చెట్టు కింద తాను ఏరదని చెప్పింది. ఉపాధి పనిలో తట్టలు మోసింది. మనిషి సగం అయింది. నేను పెంచి చెప్పగల మాటలన్నీ ఆమెను చూశాక నోట్లోనే ఉండిపోయేవి.

మళ్లీ ఏడు, ఆకు రాలే కాలానికి నేను జీపు తీసుకుని పోయేసరికి అత్త ఇంట్లో లేదు. లొద్దిలో ఉంది. చెట్టు లేని గుంత చుట్టూ చీపురుతో ఊడుస్తోంది. ఎప్పటిలాగే, చెట్టు నీడ ఎంత వరకు ఉండేదో అంత వరకు. చూసినవాళ్లు ఆమె ఊడ్చిన జాగా తొక్కకుండా పక్క నుంచి పోతున్నారు. ఆనవాయితీ ప్రకారం శుభ్రం చేసినవాళ్లదే, చెట్టు ఉన్నా లేకున్నా.

సారు వచ్చాడు. ఈసారి ఫైర్ లైన్ అద్దంలా ఉంది, దాని మీద ఒక్క ఆకు పడినా ఊరుకునేది లేదని చెప్పాడు. ఆడవాళ్లు నిండు గంపలతో నిలబడ్డారు. లైన్ల పోయొద్దు, వాగుల పోయొద్దు, కాల్చొద్దు, మరి ఏడ పోయాలె అని ఒకామె అడిగింది. మా చెట్టు కింద వద్దంటే మా చెట్టు కింద వద్దని చిన్న గొడవ లేచింది. అత్త ఊడ్చడం ఆపి చీపురు చంకలో పెట్టుకుంది.

"నా జాగల పొయ్యుండ్రి. ఈడ కాలేటిది ఏం మిగల్లే."

అత్తే పోయి ముందున్న ఆమె చేతిలోంచి గంప తీసుకుని, గుంతలో ఒంపి, ఖాళీ గంప తిరిగి ఇచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి పోశారు. కిందినుంచి బూడిద లేచి ఆకు మీద వాలింది. గుంత నిండేదాకా అత్త పక్కనే నిలబడి, అంచు దాటి పడిన ఆకును చీపురుతో లోపలికి నెడుతూనే ఉంది.